అడుగుకి ఒక నూలు

అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒక భాగాన్ని చెక్కపనివాళ్లు నూలు అంటారు. ఆ నూలు పట్టుకునే ముప్పై ఎనిమిదేళ్లు బతికాడు కాబట్టి ఫౌండ్రీలో అందరూ ఆయన్ని నూలు మేస్త్రి అనేవారు. ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే, ఇంకెవర్నో పిలుస్తున్నారనుకుని ఆయన కూడా వెనక్కి తిరిగి చూసేవాడు.

ఇనుము పోసే చోట ఉన్నా ఆయన పని చెక్కతోనే. ఏ ఇనుప వస్తువు పోత పోయాలన్నా ముందు దాని ఆకారం చెక్కతో చెయ్యాలి. ఆ నమూనాని పెట్టెలో ఉంచి చుట్టూ ఇసుక దట్టిస్తారు. మెల్లగా పైకి తీస్తే ఇసుకలో గుంట మిగులుతుంది. కరిగిన ఇనుము అందులో పోస్తే చల్లారాక వస్తువు వస్తుంది. వినడానికి ఇంతే. కానీ ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. అడుగు పొడవుకి ఒక నూలు తగ్గుతుంది. కాబట్టి నమూనా ముందే ఆ మేరకు పెద్దదిగా ఉండాలి. ప్రతి కొలతకీ లెక్క వేసుకుంటూ కూర్చుంటే పని ముందుకి సాగదు కాబట్టి దానికో వేరే స్కేలు ఉంటుంది. దాని మీద అడుగు అని రాసి ఉన్నది నిజానికి అడుగు మీద ఒక నూలు. చూడ్డానికి మామూలు స్కేలే. మేస్త్రి దాన్ని దొంగ స్కేలు అనేవాడు.

ఈ విద్య ఆయనకి ఎవరూ నేర్పలేదు. పడుచుతనంలో తలుపులూ కిటికీలూ చేసే కొట్లో పనిచేస్తుండగా, ఒక కుర్రాడు విరిగిన పంపు మూత చేతిలో పట్టుకుని వచ్చాడు. రేకుల షెడ్డులో ఒక్క కొలిమి పెట్టుకుని ఫౌండ్రీ అని బోర్డు కట్టినవాడు. "అన్నయ్యా, అచ్చం ఇలాంటిది చెక్కతో చేసిపెడతావా?" అన్నాడు. అచ్చం అలాంటిదే చేశాడు. పోసి చూస్తే మూత చిన్నదైంది. మళ్లీ చేశాడు, పెద్దదైంది. అలా పదకొండు మూతలు పాడయ్యాక, వాటన్నిటినీ వరసగా పేర్చి కొలుచుకుంటే నూలు సంగతి ఆయనకే దొరికింది. దానికోసం స్కేలే అమ్ముతారని ఏడాది తర్వాత తెలిసింది. "పదకొండు మూతలు పెట్టి కొనుక్కున్నాం స్కేలు" అని ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుకున్నారు. కుర్రాడు యజమాని అయ్యాడు. ఈయన మేస్త్రి అయ్యాడు. అన్నయ్య, తమ్ముడు అన్న పిలుపులు మాత్రం అలాగే ఉండిపోయాయి.

యజమానికి ఒక్కతే కూతురు. బడి అయ్యాక తిన్నగా నమూనాల గదికి వచ్చేది. చిత్రిక పట్టినప్పుడు రాలే పొట్టు చుట్టల్ని గాజుల్లా చేతికి తొడుక్కుని, పెదనాన్నా పెదనాన్నా అంటూ ఆయన కాళ్లకి అడ్డం పడేది. నున్నగా చేసిన నమూనా ఏదైనా ఉంటే మేస్త్రి ఆ పిల్లని కళ్లు మూసుకోమని, దాని మీద వేళ్లు నడిపించమనేవాడు. ఎక్కడ మిట్ట ఉన్నా ఇట్టే పట్టేసేది.

"నీ కూతురి వేళ్లు నాకిచ్చెయ్ తమ్ముడూ" అనేవాడు మేస్త్రి.

"దానికి చదువు చెప్పిస్తున్నానయ్యా బాబూ, ఉలి ఇవ్వకు" అనేవాడు యజమాని.

ఇరవై ఏళ్లకి పైగా వాళ్ల కొలిమి వేడి తగ్గకుండా చూసింది ఒకే ఒక్క పంపుల కంపెనీ. ఆర్డరు ఇవ్వాలంటే అక్కడి ఆఫీసరు ముందు ఫోన్ చేసి "మీ మేస్త్రి ఖాళీగా ఉన్నాడా?" అని అడిగేవాడు. లేడంటే ఖాళీ అయ్యేదాకా ఆగేవాడు. ఆ ఆఫీసరు రిటైరయ్యాడు. తర్వాత వచ్చినవాడు ఎవరికీ ఫోన్ చెయ్యడు. ఏం కావాలో కంప్యూటర్లో పెడితే అయిదు ఫౌండ్రీలకి ఒకే నిమిషంలో అందుతుంది. ఎన్ని రోజుల్లో ఇస్తారో సాయంత్రంలోగా చెప్పాలి. పక్క ఊళ్లో కొత్తగా పెట్టిన ఫౌండ్రీవాళ్లు వారం అనేవారు. వాళ్ల దగ్గర ఉలి పట్టిన మనిషే లేడట, బొమ్మ కంప్యూటర్లో గీస్తే మిషనే చెక్కేస్తుందట.

"మనం ఎన్ని రోజులని రాయను అన్నయ్యా?" అని యజమాని అడిగేవాడు.

"చెక్క ఆరాలి. అతకాలి. మళ్లీ ఆరాలి. పాతిక రోజులు."

"వాళ్లు వారం అంటున్నారు."

"వారంలో చేసింది వారమే ఉంటుంది."

ఆ మాట చెప్పి మేస్త్రి మీసం దువ్వుకునేవాడు కానీ, ఆర్డరు మాత్రం పక్క ఊరికి వెళ్లిపోయేది. వాళ్లు పంపిన పంపులు వారం దాటాక కూడా శుభ్రంగా తిరుగుతున్నాయని అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు.

అప్పుడు కూతురు వచ్చింది. కంప్యూటర్ చదువు పూర్తిచేసి, రెండేళ్లు ఎక్కడో ఉద్యోగం చేసి, ఒక స్కానర్నీ, చెక్కే మిషన్నీ వెంటబెట్టుకుని వచ్చింది. షెడ్డులో మేస్త్రి చేసిన నమూనాలు నాలుగు వందల దాకా ఉన్నాయి. వాటన్నిటినీ స్కానర్‌తో కంప్యూటర్లోకి ఎక్కిస్తే, ఏది కావాలన్నా ఒక్క రోజులో మార్చుకోవచ్చు, రెండు రోజుల్లో చెక్కుకోవచ్చు అంది. "కొత్తవాళ్ల దగ్గర మిషనే ఉంది నాన్నా. మన దగ్గర మిషనూ ఉంటుంది, పెదనాన్న ముప్పై ఏళ్ల పనీ ఉంటుంది. వాళ్లేం నిలబడతారు?" అంది. యజమాని ముఖంలో ఎన్నో ఏళ్ల తర్వాత వెలుగు కనిపించింది. నిజం చెప్పాలంటే మేస్త్రికి కూడా ఆ మాట నచ్చింది. ఇంటికి వెళ్లి భార్యతో రెండుసార్లు చెప్పాడు.

సరిగ్గా అప్పుడే పంపుల కంపెనీ ఒక పరీక్ష పెట్టింది. పాత రకం పంపు బాడీలు ముప్పై కావాలి, కానీ నీళ్లు బయటికొచ్చే మూతి వెడల్పు చెయ్యాలి. గడువు పన్నెండు రోజులు. గడువుకి ఇస్తే ఏడాది పొడుగునా పని వాళ్లకే. లేకపోతే ఇక ఆ గుమ్మం ఎక్కనక్కర్లేదు. పాత బాడీకి డ్రాయింగు ఎక్కడా మిగల్లేదు. ఉన్నదల్లా మేస్త్రి చేసిన చెక్క నమూనా.

స్కాన్ చేసే రోజు కంపెనీ నుంచి కొత్త ఆఫీసరు చూడ్డానికి వచ్చాడు. యజమాని ఉబ్బితబ్బిబ్బవుతూ అన్నీ చూపించాడు. నమూనాల గది గుమ్మంలో నిలబడి, అరచేతిలో పట్టేంత హార్డ్ డిస్క్ డబ్బా ఒకటి పైకెత్తి, "ఇక మేస్త్రి కోసం ఆగే పని లేదండీ. ఆయన చేసిందంతా ఇందులోకి వచ్చేస్తుంది" అన్నాడు.

లోపల మేస్త్రి ఉలి నూరుతున్నాడు. యజమాని చూడలేదు. మనసులో ఏదో పెట్టుకుని అన్న మాట కూడా కాదు, ఆర్డరు మీది ఆత్రం అంతే. మేస్త్రి మాత్రం నూరడం ఆపేశాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఆ గదిలో తాను ఉన్నది తన కోసం ఎవరో ఒకరు ఆగుతారు కాబట్టేనని ఆయనకి అప్పుడే తెలిసింది.

ఆఫీసరు వెళ్లిపోయాక పిల్ల పని మొదలుపెట్టింది. నమూనా నిండా చిన్న చిన్న గుండ్రటి స్టిక్కర్లు అంటించి, లైటు చుట్టూ తిప్పింది. తెర మీద పంపు బాడీ నీలం రంగులో గాల్లో తేలుతూ కనిపించింది.

"చూడు పెదనాన్నా, నీ చిత్రిక గీతలు కూడా పడ్డాయి!"

"ఊఁ."

"అలా ముక్కు విరవకు. నా బొమ్మలో నీ దస్తూరీ ఉందంటున్నాను."

కొత్త మూతిని ఆ పిల్ల కంపెనీ పంపిన కొలతల ప్రకారం విడిగా గీసి, మేస్త్రి బాడీకి అతికించింది. అంతా అయ్యాక తెర మీద ఒక గడి వచ్చింది. పోతలో ముడుచుకునే దానికి ఎంత శాతం పెంచాలి అని. పిల్ల అందులో ఒకటి అని కొట్టింది.

మేస్త్రి ఆమె భుజం వెనకే నిలబడి ఉన్నాడు. విషయం ఆయనకి తక్షణం తెలిసిపోయింది. ఆ చెక్క ముందే పెరిగి ఉంది, దొంగ స్కేలుతో చేసిందే కదా. దాని మీద మళ్లీ పెంచితే వస్తువు పెద్దదవుతుంది. మూతి సరిపోతుంది, బాడీ సరిపోదు.

పిల్ల తల తిప్పింది. "ఇనుముకి ఒక శాతమే కదా పెదనాన్నా?"

"ఒకటే" అన్నాడు మేస్త్రి.

అబద్ధం కాదది. ఇనుముకి ఒకటే. ఆ తర్వాత నాలుగేళ్లూ ఆయన తనకి తాను చెప్పుకున్న సమాధానం అదే. అడిగిన దానికి సరిగ్గానే చెప్పాను కదా!

ఆ రోజు మాత్రం ఆయన లెక్క వేరు. ఆ ఫౌండ్రీలో మొదటి నుంచీ ఒక పద్ధతి ఉంది. కొత్త నమూనా ఏదైనా ముందు ఒక్కటే పోస్తారు. చల్లారాక కొలుస్తారు. సరిపోతేనే రెండోది. ఆ మొదటిది పెద్దదై బయటపడుతుంది, తండ్రీ కూతురూ మొహమొహాలు చూసుకుంటారు, నమూనాల గదికి పరిగెత్తుకొస్తారు. అప్పుడు తాను తీరిగ్గా టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "నన్ను అడిగితే కదా" అంటాడు. ఒక్క పూట. ఒక్క బాడీ. అంతకుమించి ఏమీ కోరుకోలేదు. ఆ మాట ఎలా అనాలో కూడా ఇంటికి నడుస్తూ రెండు మూడు రకాలుగా అని చూసుకున్నాడు.

మర్నాడు పనికి వెళ్లలేదు. ఒంట్లో బాగాలేదన్నాడు.

"జ్వరం లేదు, గిరం లేదు. ఆ మొహం అలక మొహం" అంది భార్య నుదురు ముట్టుకుని.

"నీకేం తెలుసు?"

"ముప్పై ఏళ్ల నుంచి చూస్తున్నాను, ఇంకేం తెలియాలి? ఎవరిమీద అలిగారో వాళ్లకి తెలుసా? తెలియకపోతే దండగ."

వారం రోజులు కబురు వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు. ఎనిమిదో రోజు తానే వెళ్లాడు. చల్లారిన బాడీలు గోడ వారగా వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఇరవై రెండు. గడువు దగ్గర పడిందని, ఫైలు సరిగ్గా ఉన్నాక మొదటిది కొలవడమెందుకని యజమాని తొందరపెట్టాడట. పోతవాళ్లు గర్వంగా చెప్పారు.

మేస్త్రి జేబులోంచి కొలిచే పరికరం తీసి ఒక బాడీకి ఆనించాడు. పదహారు అంగుళాలు ఉండాల్సిన చోట నూలు దాటి పెరిగి ఉంది. పరికరాన్ని మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. ఇంకా ఎనిమిది పోయాలి. నాలుగు రోజులు ఉన్నాయి. అప్పుడు నోరు విప్పినా, సరైన నమూనా ఒకటి రెండు రోజుల్లో చెక్కి, పాత బాడీల్ని కరిగించి, రాత్రీ పగలూ కొలిమి వెలిగించి, ఆఫీసరు కాళ్లా వేళ్లా పడి మూడు రోజులు అడిగితే, గట్టెక్కేవారేమో. ఆ సంగతి ఆయన ఎన్నిసార్లు లెక్క వేసుకున్నాడో! కానీ ఆ పూట ఆయనకి పట్టుకున్న భయం వేరే. ఇప్పుడు చెబితే, ఇరవై రెండు పోసేదాకా ఎందుకు చెప్పలేదు అంటారు. మొదటి రోజు చెప్పనిది కోపం వల్ల. ఎనిమిదో రోజు చెప్పనిది పిరికితనం వల్ల. కోపానికి ఆయన తనని ఎప్పుడో క్షమించుకున్నాడు, రెండోదానికి ఇప్పటికీ క్షమించుకోలేదు.

లారీ వెళ్లిన మూడో రోజుకే తిరిగి వచ్చింది. ముప్పైలో ఒక్కటి కూడా కంపెనీవాళ్ల బిగింపు చట్రంలో దిగలేదట. రుద్ది దించినవాటికి బోల్టు రంధ్రాలు వాటికోసం పోసిన దిమ్మల మధ్యలో కాక అంచుకి పోయాయట. యజమాని లారీ దగ్గర నిలబడి కూతుర్ని పిలిచాడు. పోతవాళ్లున్నారు, డ్రైవరున్నాడు, గేటు బయట టీ అమ్మే మనిషి కూడా ఉంది.

"చదువు చదువు అని నెత్తిన పెట్టుకున్నాను! ముప్పై ఏళ్లలో మన సరుకు వెనక్కొచ్చిందా? ఒక్కసారి వచ్చిందా? పదిరోజుల్లో వీధిన పెట్టావు కదే!"

"తప్పు నాదే నాన్నా" అంది పిల్ల.

"నీదే! ఇంకెవరిది?"

మేస్త్రి నమూనాల గది కిటికీలోంచి చూస్తూ, అప్పటికే నూరిన ఉలిని మళ్లీ నూరాడు.

ఏడాది పని పక్క ఊరి ఫౌండ్రీకి పోయింది. రెండు నెలలకి పిల్ల కూడా అక్కడికే పోయింది. చెక్క సంగతీ కంప్యూటర్ సంగతీ రెండూ తెలిసిన మనిషి కావాలని వాళ్లే పిలిచారు. యజమానికి అది పుండు మీద కారం. "పోయి పోయి వాళ్ల పంచన చేరింది" అని, ఆ తర్వాత కూతురి మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు. మిషను మీద దుప్పటి కప్పారు. కొలిమి వారానికి రెండు రోజులు వెలిగేది, మురిక్కాలవ మూతల కోసం. మూతకి నమూనా ఒక్కటి ఉంటే ఇరవై ఏళ్లు వస్తుంది. మేస్త్రి ఇసుక పెట్టెలకి మేకులు కొడుతూ, విరిగిన పిడులు మారుస్తూ కాలక్షేపం చేశాడు. ఎవరూ ఆయన కోసం ఆగలేదు. ఆయన్ని పొమ్మని కూడా ఎవరూ అనలేదు. ఆ రెండోదే ఆయనకి ఎక్కువ కష్టంగా ఉండేది.

నాలుగేళ్లు అలా గడిచాక యజమాని షెడ్డులో సగం అద్దెకిద్దామనుకున్నాడు. నమూనాలు కిందికి దించుతుంటే పంపు బాడీది మేస్త్రి చేతికొచ్చింది. దాని మీద ఆ పిల్ల అంటించిన గుండ్రటి స్టిక్కర్లు అలాగే ఉన్నాయి. గోటితో ఒకటి పీకి చూశాడు, రాలేదు. మర్నాడు పొద్దున్నే పక్క ఊరి బస్సెక్కాడు.

కొత్త ఫౌండ్రీలో ముందు గది అద్దాలతో ఉంది. ఫోను గేటు దగ్గరే ఇచ్చేయాలన్నారు. పిల్ల చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. కాస్త లావైంది. ముంగురుల్లో ఇసుక ఉంది.

"పెదనాన్నా! ఇంత దూరం వచ్చావేంటి? నాన్న బాగానే ఉన్నాడా?"

"బాగానే ఉన్నాడమ్మా. నీతో ఒక మాట చెప్పాలి."

కాగితం గ్లాసుల్లో టీ తెచ్చి, మెట్ల మీద ఆయన పక్కన కూర్చుంది. మేస్త్రి టీ వంకే చూస్తూ అన్నాడు. "ఆ రోజు నువ్వు ఒక శాతం కొట్టినప్పుడు, చెక్కలో అది ముందే ఉందని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను."

పిల్ల ఉలిక్కిపడలేదు. "తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"నీకు తెలుసని తెలుసు. లారీ వెనక్కొచ్చిన రోజే కొలిచాను కదా. నేను గీసిన మూతి అన్ని వైపులా సరిగ్గా ఉంది. నువ్వు చేసిన బాడీ అన్ని వైపులా ఒక శాతం పెద్దదైంది. ఇంకేం కావాలి? దొంగ స్కేలు అని చిన్నప్పుడు నాతో వందసార్లు చెప్పావు. తెర ముందు కూర్చునేసరికి అది చెక్క అన్న సంగతే మర్చిపోయాను. అందుకే తప్పు నాదే అన్నాను. అందులో నా వంతు నిజమే."

"నా వంతు సంగతి మీ నాన్నతో ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆమె గ్లాసు చుట్టూ వేలు తిప్పింది.

"నువ్వు చెబుతావని చూశాను పెదనాన్నా. రెండు నెలలు చూశాను."

మేస్త్రి టీ గ్లాసు మెట్టు మీద పెట్టేశాడు. ఆమే మాట మార్చి, లోపల తాను చేస్తున్న పని చెప్పింది. ఇక్కడ ఏ వస్తువు స్కాన్ చేసినా ముందు 'ఇది నమూనానా, పోత వస్తువా' అని అడిగేలా పెట్టిందట. మొదటిది పోసి కొలవనిదే రెండోది పొయ్యనివ్వదట. "ఇక్కడి యజమాని గోలపెడతాడు. అయినా ఒప్పుకోను. మన ఫౌండ్రీ పద్ధతి కదా" అంది. మన అన్న మాట ఆమె గమనించినట్టు లేదు. అయిదున్నరకి వదుల్తారు, ఉంటే బస్సు దాకా వస్తానంది. మేస్త్రి ఉండలేకపోయాడు.

మర్నాడు ఫౌండ్రీకి వెళ్లేసరికి యజమాని తిరగేసిన ఇసుక పెట్టె మీద కూర్చుని, దించిన నమూనాల వంక చూస్తున్నాడు. ఆ రోజు కొలిమి లేదు. మేస్త్రి నిలబడే చెప్పాడు. స్కాన్ రోజు దగ్గర మొదలుపెట్టి, ఇరవై రెండు బాడీల సంగతి కూడా దాచకుండా చెప్పాడు. నువ్వు ఆఫీసరుతో అన్న మాట వల్ల అని చెప్పబోయి, అది మాత్రం మింగేశాడు.

యజమాని తిడతాడనుకున్నాడు. కొట్టినా సరే అనుకుని వచ్చాడు. ఆయన ఆర్డరు ఊసే ఎత్తలేదు.

"అందరి ముందూ అన్నాను దాన్ని" అన్నాడు. "లారీ డ్రైవరు ముందు."

మేస్త్రి తల వంచుకున్నాడు.

"అది ఫోన్ చేస్తే వాళ్లమ్మకిచ్చేసి బయటికెళ్లిపోయేవాణ్ణి. నాలుగేళ్లు."

జేబులోంచి ఫోను తీసి నంబరు వెతుక్కున్నాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ ఆగిపోయింది.

"ఎత్తట్లేదు. నా నంబరు చూసి ఎత్తట్లేదేమో."

"కాదు. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. గేటు దగ్గరే పెట్టేయాలి."

"ఎప్పుడు వదుల్తారు?"

"అయిదున్నరకి."

నాలుగేళ్లుగా కూతురు ఎన్నింటికి ఇంటికి వెళుతుందో తనకి తెలియదన్న సంగతి యజమాని మొహంలో కనిపించింది. లేచి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు. మేకుకి వేలాడుతున్న చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకున్నాడు. ఒక గుండీ తప్పు పెట్టుకున్నాడు.

"పదింటి బస్సెక్కితే ముందే చేరిపోతాం తమ్ముడూ. నేనూ వస్తాను" అన్నాడు మేస్త్రి.

"వద్దు. నువ్వుండు" అన్నాడు యజమాని.

ఆ గొంతులో కోపం లేదు. అన్నయ్యా అన్న పిలుపూ లేదు. మేస్త్రి గేటు దాకా వెనకే నడిచి, ఆయన బయటికి అడుగుపెట్టాక, లోపలి వైపు నుంచి గేటు వేశాడు.